జానెడు గుడ్డకు ఏ లెన్సు

శ్యామ్ సుందర్ ఇరవై ఆరేళ్ళుగా ఫొటోలు తీసిన పెళ్ళికూతుళ్ళలో ఒక్కరికీ మొటిమ లేదు. బందరు కోనేరు సెంటరుకి కూతవేటు దూరంలో ఉన్న అతని స్టూడియోకి పేరొచ్చిందే దాంతో. పెళ్ళిలో ఎవరెంత చెమటలు కక్కినా, ఎవరి బుగ్గన ఏ మచ్చ ఉన్నా, ఆల్బమ్‌లోకి వచ్చేసరికి అందరి మొహాలూ మీగడ కట్టినట్టు నున్నగా తేలేవి. మచ్చ తియ్యడం అతనికి పనిలాగా కూడా అనిపించదు. అన్నానికి కూర్చునేముందు చెయ్యి కడుక్కున్నంత మామూలు.

అలాంటివాడికి నిరుడు మీడియం ఫార్మాట్ పిచ్చి పట్టింది. హైదరాబాదులో ఎవరో వాడి వదిలించుకున్న కెమెరా ఒకటి తెచ్చుకున్నాడు. మామూలు కెమెరాలో బొమ్మ పడే సెన్సరు కంచమైతే, దీంట్లోది అరిటాకు. గోడంత సాగదీసి అచ్చేసినా బొమ్మ చెదరదు. అయితే బందరు పెళ్ళిళ్ళలో గోడంత ఫొటో ఎవరికి కావాలి? ఆ కెమెరా, దాంతో వచ్చిన ఒక్కగానొక్క మామూలు లెన్సు, బీరువాలో పట్టుచీరల పక్కన పడుకున్నాయి.

పెడన నుంచి చిలకమ్మ వచ్చేదాకా.

చిలకమ్మ కలంకారీ అచ్చులు వేసే మనిషి. టేకు చెక్క మీద పువ్వులూ ఆకులూ చెక్కిన అచ్చుని రంగులో ముంచి గుడ్డ మీద మోదడం ముప్పై అయిదేళ్ళుగా ఆమె పని. అరచేతి మడమ కాయకట్టి అదీ చెక్కలాగే అయిపోయింది. ఆమె వేసిన గుడ్డ షావుకారు పేరు మీద ఊళ్ళు తిరుగుతుంది. బెంగళూరులో ఎవరో పెద్ద ప్రదర్శన పెడుతున్నారనీ, అచ్చు వేసినవాళ్ళ పేరే గోడ మీద రాస్తారనీ, షావుకారు పేరు ఒప్పుకోరనీ ఆమె చెవినబడింది. ఒక్కొక్కరి గుడ్డలో జానెడు ముక్కని ఫొటో తీసి గోడంత చేసి పెడతారట. పెడన నుంచి ముగ్గుర్నే తీసుకుంటారట. ఆ ముగ్గుర్ని ఎంచేది ఫొటో చూసి. అది చేతి అచ్చని కళ్ళకి కట్టాలి. ఫొటో పెద్ద సెన్సరు కెమెరాతోనే తియ్యాలి.

"ఎన్ని వేల గజాలు వేశానో నాకే తెలీదు తమ్ముడూ," అంది చిలకమ్మ స్టూడియో కుర్చీలో కూర్చుని. "ఒక్క గజం మీద కూడా నా పేరు లేదు. ఈసారి ఉండాలి."

"ఉంటుందక్కా. మీడియం ఫార్మాట్ నా దగ్గరుంది."

"పెద్ద కెమెరా కావాలన్నారు. నువ్వు మీడియం అంటావేంటి?"

"ఇదే పెద్దదక్కా."

"పెద్దదాన్ని మీడియం అంటే మరి పెద్దదాన్నేమంటారు?"

"అదింకా పెద్దది."

"తెలీదని చెప్పొచ్చుగా," అంది చిలకమ్మ.

జానెడు గుడ్డని నిండుగా తియ్యాలంటే దగ్గరికి వెళ్ళి తీసే మాక్రో లెన్సు కావాలి. హైదరాబాదులో లెన్సులు అద్దెకిచ్చే కుర్రాడు నూట ఇరవై మిల్లీమీటర్ల మాక్రో ఒకటి బస్సు పార్సిల్లో పంపించాడు. శ్యామ్ సుందర్ పెడన వెళ్ళి, గోనెలు పొరలు పొరలుగా పరిచిన అచ్చుబల్ల మీద గుడ్డ వేయించి, స్టాండు బిగించి, పదకొండు ఫొటోలు తీశాడు.

ఇంటికొచ్చి కంప్యూటర్లో చూసుకుని జడుసుకున్నాడు. నూలుపోగు మోకులా కనబడుతోంది. ఒక ఆకు నల్లగా, దాని పక్క ఆకు వెలవెలబోతూ. అచ్చుకీ అచ్చుకీ మధ్య అతుకు దగ్గర గీత మీద గీత. ప్రతి ఆకుకీ కొస విరిగి ఉంది. ఎర్రపువ్వులో రంగు గీత దాటి బయటికొచ్చింది. ఒకచోట బొటనవేలంత నల్లటి మరక.

'పాపం, చిలకమ్మ మొహం ఇలాగా గోడకెక్కేది!' అనుకున్నాడు. మొహం అనే అనుకున్నాడు, గుడ్డ అనుకోలేదు. ఇక చెయ్యి ఆగలేదు. ఉన్నవాటిలో బాగా పడ్డ ఆకుని పట్టి, దాని కొస సరిచేసి, దాన్నే మిగతా ఆకులన్నిటి మీదా అతికించాడు. అతుకులు చెరిపాడు. పువ్వు అంచు దిద్దాడు. మరక తుడిచేశాడు. ఓ పూటంతా కూర్చుని చేసి, బెంగళూరుకి పంపించి, మంచి పని చేశానన్న తృప్తితో భోంచేసి పడుకున్నాడు.

శనివారం పొద్దున్న బెంగళూరు నుంచి ఫోనొచ్చింది. ప్రదర్శన పనులు చూసే అమ్మాయట, పేరు వేదశ్రీ.

"శ్యామ్ సుందర్ గారూ, చిలకమ్మగారి ఫొటోలో చేతి అచ్చు అన్న ఆధారం కనబడటం లేదండీ. ఎంచేవాళ్ళకి డౌటొచ్చింది. ఇంకా షార్ప్‌గా ఉన్నది ఏదైనా ఉంటే బుధవారం సాయంత్రం లోపల పంపండి. ఆ తరవాత నా చేతిలో ఉండదు."

ఆ అమ్మాయి నాలుగు మాటలు చెప్పింది. శ్యామ్ సుందర్ చెవిలో ఒక్కటే నిలబడింది: షార్ప్. లెన్సు మోసం చేసిందన్నమాట! వెంటనే హైదరాబాదుకి ఫోను కొట్టాడు.

"మాక్రో కంటే షార్ప్ ఇంకేముంటుంది సార్?" అన్నాడు అద్దె కుర్రాడు. "అపర్చర్ ఎంత పెట్టారు?"

"పదహారు. లెన్సు కన్నం చిన్నదైతేనేగా గుడ్డంతా ఫోకస్‌లో ఉండేది."

"పదహారులో లెన్సు మెత్తబడుతుంది సార్. ఎనిమిదిలో పెట్టండి."

"ఎనిమిదిలో పెడితే గుడ్డలో సగమే ఫోకస్‌లో ఉంటుంది."

"అవును సార్."

"మరి?"

"అంతే సార్."

ఆదివారం గుడివాడ బస్సెక్కాడు. అక్కడ రఘునందన్ అనే లెక్చరరున్నాడు. గుడ్లవల్లేరు ఇంజనీరింగు కాలేజీలో పాఠాలు చెబుతాడు, సెలవు రోజుల్లో లెన్సుల గురించి చదువుతాడు. తియ్యడం తక్కువ, చదవడం ఎక్కువ. వరండాలో కూర్చోబెట్టి కాఫీ ఇచ్చి, ల్యాప్‌టాప్‌లో గీతల బొమ్మ ఒకటి తెరిచాడు.

"ఈ గీత లెన్సు మధ్యభాగం షార్ప్‌నెస్ అండీ. ఈ చుక్కల గీత అంచులది. మీ మాక్రోకి రెండూ పైనే ఉన్నాయి. రెండొందల యాభై టెలిఫొటో అని దూరపు లెన్సు ఉంది చూశారూ, దానికి అంచుల గీత కూడా కిందికి దిగలేదు. బ్రహ్మాండం."

"అయితే అది తీసుకోమంటారా?"

"అది దూరానికండీ. దగ్గర ఫోకస్ అవదు. మధ్యలో ఖాళీ గొట్టం, ఎక్స్‌టెన్షన్ ట్యూబ్ అంటారు, అది తగిలిస్తే అవుతుంది. కానీ గొట్టం పెడితే ఈ గీతలు వర్తించవు."

శ్యామ్ సుందర్ కాఫీ గ్లాసు కింద పెట్టాడు. "మాస్టారూ, నేను పెళ్ళిళ్ళవాణ్ణి. నా పెళ్ళి కెమెరాలో నూట ఇరవై అంటే కాస్త దూరపు లెన్సు. ఇందులో నూట ఇరవై పెట్టి చూస్తే అంత దూరం లాగట్లేదు. అదేంటో ముందు చెప్పండి."

"సెన్సరు పెద్దది కదండీ. ఇందులో నూట ఇరవై, అందులో తొంభై అయిదులా పనిచేస్తుంది."

"అలాంటప్పుడు దాని మీద తొంభై అయిదని రాయొచ్చుగా?"

"అది నిజంగా నూట ఇరవయ్యేనండీ."

శ్యామ్ సుందర్ కాసేపు వీధిలోకి చూశాడు. ఒకతను సైకిలు మీద బిందెలు కట్టుకుని పోతున్నాడు. అతనికి ఏ సందేహమూ ఉన్నట్టు లేదు.

"పోనీ ఒక్క ముక్క చెప్పండి. జానెడు గుడ్డ. ఏ లెన్సు?"

"గుడ్డ ఫ్లాట్‌గా ఉంటుందా?"

"గుడ్డ గుడ్డలా ఉంటుందండీ."

"అయితే చెప్పలేం," అన్నాడు రఘునందన్ నిజాయితీగా.

ఇక మిగిలింది నాగాయలంకలో శామ్యూల్ రాజ్. రొయ్యల చెరువుల నీళ్ళు పరీక్షించే పని అతనిది. పొద్దున్నే మడ అడవుల్లో దూరి పిట్టల్ని తీస్తుంటాడు. చుట్టరికం లేకపోయినా బావా అంటే బావా అనుకునే స్నేహం. పాత ఫిల్మ్ కెమెరాల కాలం నాటి రెండొందల యాభై టెలి అతని దగ్గరుంది. దానికో గొట్టమూ, ఈ కెమెరాకి అతికే కట్టూ కూడా ఉన్నాయి. సోమవారం తొలి బస్సుకి శ్యామ్ సుందర్ దివిసీమలో దిగాడు.

"మాక్రో అంటే ముక్కు ఆనించి చూడ్డం బావా," అన్నాడు శామ్యూల్ రాజ్ బండి హంసలదీవి వైపు తిప్పుతూ. "అంత మీద పడి చూస్తే పిట్టైనా బిగుసుకుంటుంది, గుడ్డైనా బిగుసుకుంటుంది. కాస్త దూరంగా నిలబడి చూడు. దూరపు లెన్సుకున్న మర్యాద దగ్గరి లెన్సుకి ఉండదు."

"గుడ్డకి బిగుసుకోడమేంటి బావా?"

"నువ్వు తియ్యి, తెలుస్తుంది."

సముద్రంలో నది కలిసేచోట, అవతలి ఇసక మీద ఎవరో వల ఆరేసి ఉన్నారు. శ్యామ్ సుందర్ టెలి పెట్టి తీశాడు. వెనక తెర మీద పెద్దది చేసి చూస్తే వల ముడులు లెక్కపెట్టొచ్చు. వల కర్ర మీద కూర్చున్న పిట్ట కంట్లో వెలుగు చుక్క కూడా ఉంది. అతని ప్రాణం లేచొచ్చింది. ఇదే లెన్సు, సందేహం లేదు. టీ తాగొచ్చి, ఎండ బాగా వచ్చిందికదా అని అదే వలని అక్కణ్ణుంచే మళ్ళీ తీశాడు. వల నీళ్ళలో నానిన అప్పడంలా ఉంది.

"ఏమైంది దీనికి?"

"లెన్సుకేం కాలేదు బావా. ఇసక వేడెక్కింది, మధ్యలో గాలి మరుగుతోంది."

"అయితే ఈ లెన్సు షార్పా, కాదా?"

"ఎనిమిదింటికి షార్పు. పదకొండింటికి కాదు."

శ్యామ్ సుందర్ ఆ లెన్సుని తువ్వాల్లో చుట్టి ఒళ్ళో పెట్టుకుని బస్సెక్కాడు. అవనిగడ్డ దాటేసరికి అతనికి ఒక్క విషయం తేలింది. శనివారం నాడు తనకి కొంచెం తెలుసు. ఇప్పుడు అదీ పోయింది. అటు చూస్తే బుధవారం మీదికొస్తోంది, ముగ్గురిలో చిలకమ్మ పేరు లేకుండా పోతే అది తన లెన్సు చేసిన పాపమే.

మంగళవారం పొద్దున్నే పెడన చేరాడు. రెండు లెన్సులూ, ల్యాప్‌టాపూ పట్టుకెళ్ళాడు. అదే బల్ల, అదే గుడ్డ, అదే జానెడు. ముందు మాక్రో, తరవాత గొట్టంతో టెలి. ఎనిమిదిలో ఒకటి, పదకొండులో ఒకటి, పదహారులో ఒకటి. ఫాను ఆపించాడు. పక్క బల్ల దగ్గర అచ్చు మోదేవాళ్ళని కాసేపు ఆగమన్నాడు. చిలకమ్మని ఊపిరి పీల్చొద్దన్నాడు.

"ఎంతసేపు?" అంది చిలకమ్మ.

తీసినవన్నీ ల్యాప్‌టాప్‌లో పక్కపక్కన పెట్టి చూశాడు. ఇది షార్పా, అది షార్పా? కళ్ళు చికిలించి చూస్తే ఇది. కాస్త వెనక్కి జరిగి చూస్తే అది. కళ్ళద్దాలు తుడుచుకుని చూస్తే రెండూ ఒకటే. చిలకమ్మ రంగు చేతులు తుడుచుకుంటూ వచ్చి వెనక నిలబడింది.

"ఇంతకీ మొదట పంపిన ఫొటో ఏదీ? నాకు చూపించనే లేదు."

శ్యామ్ సుందర్ తెరిచి చూపించాడు. కాస్త గర్వంగానే చూపించాడు.

చిలకమ్మ వంగి చూసింది. ముక్కు తెరకి ఆనేదాకా వంగింది.

"ఎవరిదిది?"

"నీదే అక్కా."

"నాది కాదు."

"ఈ గుడ్డే అక్కా. ఇదిగో ఈ పువ్వు."

"నా అచ్చుకి ఆకుకొస విరిగి మూడేళ్ళయింది. బల్ల మీంచి కిందపడింది. అప్పణ్ణుంచి నేను వేసిన ఏ గుడ్డలోనైనా ఆకుకి కొస ఉండదు. ఇక్కడుంది." వేలు తెర మీద జరుపుకుంటూ పోయింది. "ఈ ఆకు చూడు, ఆ ఆకు చూడు, దాని పక్కది చూడు. ఒక్క కడుపున పుట్టిన కవలలైనా ఇంత ఒకేలా ఉండరు. ఇది మిషన్ మీద స్క్రీను వేసిన గుడ్డ తమ్ముడూ. ఎవడిదో తెచ్చి నా పేరు పెట్టి పంపించావా?"

గొంతు పెరిగింది. పక్క బల్లల దగ్గరివాళ్ళు అచ్చులు చేత్తో పట్టుకుని అలాగే ఆగి చూస్తున్నారు.

"ఒట్టు అక్కా, నీదే. కాస్త... శుభ్రం చేశానంతే."

"శుభ్రమా? కాలవలో ఉతికిచ్చాను కదరా గుడ్డ!"

శ్యామ్ సుందర్ మళ్ళీ ఆ ఆకుల వంక చూశాడు. వేదశ్రీ ఫోనులో చెప్పిన మాట ఇప్పుడు మొదటినుంచీ వినబడింది. చేతి అచ్చన్న ఆధారం కనబడటం లేదు. ఎలా కనబడుతుంది? తనే కదా పూటంతా కూర్చుని ఒక్కొక్కటీ ఏరి పారేసింది! మధ్యలో గుడివాడెందుకు, నాగాయలంకెందుకు, ఎనిమిదెందుకు, పదహారెందుకు?

"ముట్టుకోనివి ఉన్నాయక్కా," అన్నాడు చివరికి. "మొదటిరోజు తీసిన పదకొండూ ఉన్నాయి."

తెరిచాడు. చిలకమ్మ స్టూలు లాక్కుని కూర్చుంది. ఆమె కోపం ఎటుపోయిందో గాని, బడిపంతులమ్మలా చెప్పడం మొదలుపెట్టింది. ఇది అచ్చు రంగులో ముంచి తీసిన మొదటి దెబ్బ, అందుకే ముదురు. ఇది మూడోది, రంగు అయిపోవస్తోంది, లేతబడింది. ఇక్కడ అతుకు, ఇక్కడ చెయ్యి కాస్త ఎడమకి వాలింది. ఎర్రరంగు బయటికి పారిందంటే ఆ పూట గుడ్డలో తడి ఆరలేదు. శ్యామ్ సుందర్ ఊఁ కొడుతూ వింటున్నాడు. తను మచ్చలనుకుని చెరిపిన వాటిలో ఒక్కటీ ఉత్త మచ్చ కాదు. ప్రతిదానికీ ఓ పూటా, ఓ వాతావరణమూ ఉన్నాయి.

బొటనవేలంత నల్ల మరక దగ్గరికొచ్చేసరికి చిలకమ్మ తెర మీంచి వేలు వెనక్కి తీసుకుంది.

"ఇది తీసెయ్యి," అంది.

"ఇప్పుడేగా అక్కా..."

"అవన్నీ అచ్చు లక్షణాలు. వేసేవాళ్ళెవరికైనా పడేవే. ఇది నా చెయ్యి జారి అచ్చు ఈడ్చుకుపోయింది. ముప్పై అయిదేళ్ళు పనిచేసిన మనిషి చెయ్యకూడనిది. నా పేరు పక్కన దాన్ని గోడంత చేసి పెడతావా?"

"తీస్తే మళ్ళీ డౌటొస్తుందేమో."

"అయితే అది లేని ఫొటో వెతుకు."

వెతికారు. ఒకదాంట్లో మరక లేదు గాని గోనె మడత పడింది. ఒకదాంట్లో చిలకమ్మ గాజుల నీడ. ఒకదాంట్లో ఆకులు బాగున్నాయి, పువ్వు ఫోకస్ తప్పింది. రెండింట్లో మరక సగం తెగి, మొత్తం ఉన్నప్పటికంటే అసహ్యంగా ఉంది. మిగతావాటిలో నిండుగా ఉంది. ఆ పూట తీసినవి చూద్దామంటే, అదే జానెడు కదా అని శ్యామ్ సుందర్ మరకని సరిగ్గా మధ్యలో పెట్టి తీశాడు. అన్నిటిలోకీ అన్నివిధాలా నిలిచిన ఫొటో ఒక్కటే, మొదటిరోజు మాక్రోతో తీసినది. అందులో మరక కొట్టొచ్చినట్టుంది.

"కొంచెం జరిపి మళ్ళీ తియ్యి," అంది చిలకమ్మ.

జరిపాడు. బెత్తెడు జరిపితే అక్కడ కుంకుడుగింజంత చుక్క. ఇంకో బెత్తెడు జరిపితే అతుకు తప్పింది. "అది నేను వేసింది కాదు, నేను అన్నానికెళ్ళినప్పుడు పక్కబల్ల పిల్ల వేసింది," అంది చిలకమ్మ. అలా గుడ్డ ఆరు గజాలూ జరిపారు. మధ్యాహ్నమైంది. గుడ్డ చివరకి వచ్చేసరికి చిలకమ్మ నీరసంగా బల్ల అంచున కూర్చుంది.

"నువ్వేమంటావు?" అని అడిగింది. "నీకు తెలుస్తుందిగా ఫొటోల సంగతి."

"నాకు తెలీదక్కా," అన్నాడు శ్యామ్ సుందర్. ఈ నాలుగు రోజుల్లో ఎవరితోనూ అంత సూటిగా మాట్లాడలేదు. "ఏది తీసెయ్యాలో చెప్పమంటే చెబుతాను. ఏది ఉంచాలో ఎప్పుడూ ఎవరూ అడగలేదు. మరక ఉంటే నీ పేరు గోడకెక్కుతుందో లేదో తెలీదు. తీసేస్తే ఎక్కదని మాత్రం తెలుసు."

చిలకమ్మ గుడ్డ వెనక్కి లాగి, ఆ మరక మీద బొటనవేలు పెట్టి చూసుకుంది. పక్క బల్లల దగ్గర మళ్ళీ అచ్చుల చప్పుడు మొదలైంది.

"ఉంచు," అంది. "కానీ కింద రాయి. ఆ రోజు నాకు ఒంట్లో బాగాలేదని."

"అక్కడ అలాంటివి రాస్తారో లేదో..."

"నిజంగానే బాగాలేదురా. దుప్పటి కప్పుకుని వేశాను."

ప్రదర్శనవాళ్ళు పంపిన ఫారంలో గళ్ళున్నాయి. పేరు, ఊరు, కెమెరా, లెన్సు, కళాకారుల మాట. లెన్సు గడిలో నూట ఇరవై మాక్రో అని రాశాడు. రాసి, ఎందుకైనా మంచిదని ఫైలు వివరాలు మళ్ళీ చూసుకున్నాడు. ఆఖరి గడిలో చిలకమ్మ చెప్పింది చెప్పినట్టు రాసి, చెయ్యి పెట్టని ఫొటో పంపించాడు. ఇరవై ఆరేళ్ళలో మొదటిసారి మొహం కడక్కుండా వీధిలోకి వచ్చినట్టనిపించింది.

శుక్రవారం వేదశ్రీ ఫోను చేసింది. ముగ్గురిలో చిలకమ్మ పేరుంది.

"చాలా బాగా వచ్చిందండీ. ఈసారి ఏం లెన్సు వాడారు?"

"అదేనండీ. మొదట వాడిందే."

"అవునా? మరి మొదటిసారి ఎందుకలా వచ్చింది?"

శ్యామ్ సుందర్ ఆలోచించాడు. చెబుదామనే నోరు తెరిచాడు. "హలో, హలో, సిగ్నల్ సరిగ్గా లేదండీ," అని పెట్టేశాడు.

వారం తిరక్కుండా గోడ మీద రాసే మాటల నమూనా ఫోనుకి వచ్చింది. అది పట్టుకుని పెడన వెళ్ళాడు. చిలకమ్మ అచ్చు కింద పెట్టకుండానే, చదవమంది.

"'చిలకమ్మ, పెడన. ఈ మరక పడిన రోజు నాకు ఒంట్లో బాగాలేదు.'"

"పేరు మళ్ళీ చదువు."

"చిలకమ్మ."

"షావుకారు పేరు ఎక్కడా లేదుగా?"

"లేదు."

చిలకమ్మ అచ్చు రంగులో ముంచి, గుడ్డ మీద పెట్టి, చేతి మడమతో ఒక్కటి మోదింది. అచ్చు తీసి ఆకు ఎలా పడిందో చూసుకుంది.

"ఒంట్లో బాగాలేదంటే ఏవేవో అనుకుంటారు జనం," అంది. "చలిజ్వరం అని రాయమను."

"ఇప్పుడు మారుస్తారో లేదో అక్కా."

"అడుగు. అడిగితే పోయేదేముంది?"

శ్యామ్ సుందర్ బెంగళూరు నంబరు నొక్కాడు.